లేనివీ, పోగొట్టుకున్నవీ

మా మేనకోడలు ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. ఆదివారాలు మా ఇంటికొచ్చి బోటనీ చదువుకుంటుంది. ఎమ్మెస్సీ బోటనీ చేసి, ఉద్యోగం దొరక్క, చివరికి డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా, పట్టుకుని విశాఖలో ఒక ఆస్పత్రి ల్యాబులో కుదురుకున్న మావయ్యకి ఆ చదువు ఎంత మిగిలిందో చూడటం తనకో ఆట.

పోయిన నెల ఒక ఆదివారం శైవలాల, అంటే నాచుల, పాఠం దగ్గర ఆగింది.

"రోడోఫైసీలో, అంటే ఎర్ర శైవలాల్లో, కశాభాలు, అదే ఈదే తోకలు, ఏ దశలోనూ ఉండవట మావయ్యా. మగ కణాలకి కూడా. ఎందుకుండవు?"

పేపర్లోంచి తలెత్తకుండానే చెప్పేశాను. "నిమ్నశ్రేణి మొక్కలు కదమ్మా. ఇంకా అంతదాకా రాలేదు."

"మరి క్లామిడోమోనాస్‌కి రెండున్నాయిగా? అది ఒంటికణమేగా?"

పేపరు మడిచాను. నిజమే. ఒకే కణంతో బతికే ఆకుపచ్చ నలుసుకి రెండు తోకలు. కొమ్మలూ రెమ్మలూ వేసి, రాతిని కరుచుకుని, మూడు తరాలుగా పునరుత్పత్తి నడిపే ఎర్ర శైవలానికి ఒక్కటీ లేదు. "ఇంకా రాలేదు" అనే జవాబు ఎక్కడా అతకదు. కానీ ఇరవై ఏళ్లకి పైగా నా బుర్రలో అదే జవాబు ప్రశ్న ఎరగకుండా కూర్చుని ఉంది.

ఆ తరవాత కాస్త చదివాను. చదివిన కొద్దీ ఒక మాట మీద పట్టుదల పెరిగింది. ఎర్ర శైవలాలకి కశాభాలు "లేవు" అని పాఠంలో రాయకూడదు, "పోగొట్టుకున్నాయి" అని రాయాలి. రెండు మాటలూ పరీక్షలో ఒకే మార్కు తెస్తాయేమో, చెప్పే చరిత్రలు మాత్రం పూర్తిగా వేరు.

బోర్డు మీద నిచ్చెన

నా జవాబు నా సొంతం కాదు. మాకు శైవలాలు చెప్పిన సారు బోర్డు మీద నిచ్చెన గీసేవారు. అట్టడుగున నీలి ఆకుపచ్చ శైవలాలు, అంటే ఇప్పటి సయనోబాక్టీరియా. వాటి పై మెట్టు ఎర్ర శైవలాలు. ఆ పైన మిగతావి. కారణం చాలా నమ్మేట్టుగా ఉండేది. అడుగు మెట్టు వాటిలో ఫైకోబిలిన్ రంగులున్నాయి, వీటిలోనూ ఉన్నాయి. వాటికి కశాభాలు లేవు, వీటికీ లేవు. కనుక ఇవి వాటికి దగ్గరి చుట్టాలు, అందుకే కశాభం పుట్టకముందే విడిపోయిన పాతకాలపు జీవులు. ఆయన్ని తప్పుపట్టను. ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులూ అలాగే అనుకున్నారు.

ఇప్పుడు చూస్తే ఆ పోలికలో తమాషా కనిపిస్తుంది. రంగు కణానిది కాదు, కణంలో కాపురం పెట్టి ఎండతో ఆహారం వండే క్లోరోప్లాస్ట్‌ది. ఆ క్లోరోప్లాస్ట్ ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన సయనోబాక్టీరియమే. దాన్ని మింగి అరిగించుకోకుండా దాచుకున్న కణం సంతతే ఎర్ర శైవలాలు, ఆకుపచ్చ శైవలాలు, మన నేల మొక్కలు. ఆకుపచ్చ వంశం పాత రంగులు వదిలేసుకుంది, ఎర్ర వంశం ఉంచుకుంది. అంతే. అద్దెకొచ్చినవాడి ముక్కు చూసి ఇంటాయన గోత్రం చెప్పినట్టుంది మా నిచ్చెన.

ఇక కశాభం సంగతి. ఆకుపచ్చ శైవలాల్లో ఉంది, జంతువుల్లో ఉంది, మలేరియా క్రిమి మగ కణంలోనూ ఉంది. ఇన్ని దూరపు వంశాల్లో ఒకే నిర్మాణంతో ఉందంటే అందరి ముత్తాతకీ ఉండి ఉండాలి. మరి ఎర్ర శైవలాల వాటా ఏమైంది?

ఒంటిగదిలో గంగాళం

చిన్నప్పుడు మా వీధిలో ఒక మాస్టారు ఒంటిగదిలో అద్దెకుండేవారు. ఆ గదిలో మంచం పోను మిగిలిన చోటంతా ఒక ఇత్తడి గంగాళం ఆక్రమించుకుని ఉండేది. పది కుటుంబాలకి వంట చేసేంతది. ఆయన ఏమీ చెప్పకపోయినా, గంగాళం చూస్తే చాలు, ఈయన ఒంటిగదిలో పుట్టి పెరిగిన మనిషి కాదని తెలిసిపోయేది.

ఎర్ర శైవలాల జన్యువులు చదివితే నాకు ఆ గదే గుర్తొచ్చింది.

2004లో సయనిడియోస్కైజాన్ మెరోలే అనే ఒంటికణ ఎర్ర శైవలం జన్యుపటాన్ని జపాన్ పరిశోధకులు ప్రకటించారు. ఇటలీలో నేపుల్స్ దగ్గర గంధకం వాసన కొట్టే వేడి ఊటల్లో, ఆమ్లంలో బతుకుతుందిది. డీఎన్ఏ మొత్తం 1.65 కోట్ల అక్షరాలు, జన్యువులు 5,331, వాటిలో ఇంట్రాన్ (జన్యువు మధ్యలో ఉండి, చదివేటప్పుడు కత్తిరించి పారేసే ముక్క) ఉన్నవి 26 మాత్రమే. సరే, నరకంలో బతికేది కనుక సామాను తగ్గించుకుందనుకోవచ్చు. కానీ 2013లో కోండ్రస్ క్రిస్పస్ జన్యుపటం వచ్చింది. అట్లాంటిక్ ఒడ్డున రాళ్ల మీద గుబురుగా పెరిగే, ఐర్లండ్ వాళ్లు వంటల్లో వేసుకునే బహుకణ శైవలం. దానికీ 9,606 జన్యువులే. మన వరికి 35 వేలు దాటతాయి. ఇక్కడా ఇంట్రాన్లు తక్కువే. చల్లటి సముద్రంలో ఉండేదానికి అంత పొదుపు దేనికి?

2015లో 14 ప్రజాతుల ఎర్ర శైవలాలని పక్కపక్కన పెట్టి ఏది పోయింది, ఎప్పుడు పోయిందని లెక్క చూశారు. మొత్తం వంశం మొదట్లోనే ఒక పెద్ద నష్టం కనిపించింది. కశాభం, దాని మొదట్లో ఉండే ఆధార కణిక, ప్రొటీన్లని కణపొరకి తగిలించి ఉంచే జీపీఐ లంగరు తయారీ, కణం తన చెత్తని తానే తిని మళ్లీ వాడుకునే ఆటోఫజీ వ్యవహారం, ఇవన్నీ ఒకే దఫాలో పోయినట్టుంది. వేడి ఊటల శాఖలో మళ్లీ రెండో నష్టం.

2019లో ఇంకో సంగతి తేలింది. రోడెల్ఫిస్ అనే సూక్ష్మజీవి, ఒక జాతి మంచినీళ్లలో, ఒకటి సముద్రంలో. రెండు కశాభాలతో ఈదుతూ బాక్టీరియాని వేటాడి తింటుంది. కిరణజన్య సంయోగక్రియ లేదు, క్లోరోప్లాస్ట్ తాలూకు ఆనవాలు మాత్రం జన్యువుల్లో మిగిలింది. వంశవృక్షంలో దాని చోటు ఎక్కడో చూస్తే, ఎర్ర శైవలాలకి తోబుట్టువు! రాయి మీద కదలకుండా కూర్చునే నాచుకి వేటగాడు తమ్ముడు. అన్న కశాభాలు పోగొట్టుకుని వంట ఉంచుకున్నాడు, తమ్ముడు వంట మానేసి కాళ్లు ఉంచుకున్నాడు.

నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనిపించింది మొదట. రెండు రోజులయ్యాక అనుమానాలు మొదలయ్యాయి.

ఎందుకు పోగొట్టుకున్నాయి అనేదానికి ఎక్కువగా చెప్పే కథ ఒకటుంది. వీటి ముత్తాత ఏదో వేడి ఊటలాంటి ఇరుకు చోట చిక్కుకుందట. అక్కడ బరువంతా దింపేసుకుని, తరవాత సముద్రంలోకి వచ్చేటప్పటికి పోయినవి తిరిగి రాలేదట. కథ బాగుంది, సినిమాకి పనికొస్తుంది. కానీ దానికి ఆధారం చాలావరకు ఇవాళ వేడి ఊటల్లో బతుకుతున్న శాఖే. ఆ శాఖ తనంతట తను రెండోసారి నష్టపోయిందని పై లెక్కే చెబుతోంది కదా? అంటే ఊటల్లోకి వాళ్లు తరవాత వెళ్లి ఉండొచ్చు. దుబాయ్‌లో స్థిరపడ్డ మనవణ్ణి చూసి తాతది ఎడారి దేశం అనగలమా? పోయిందన్నది గట్టి మాట. ఎందుకు పోయిందన్నది మాత్రం ఊహే.

రెండో అనుమానం. పోవడం ఒక్కటే జరగలేదు. గాల్డీరియా సల్ఫురేరియా అనే మరో ఊటల శైవలం బాక్టీరియా నుంచీ ఆర్కియా అనే మరో సూక్ష్మజీవుల వంశం నుంచీ జన్యువులు అప్పు తెచ్చుకుని ఆర్సెనిక్‌నీ ఉప్పునీ తట్టుకుంటోందని 2013లో చెప్పారు. కనీసం 5 శాతం జన్యువులు అలా వచ్చినవే అన్నారు. 2019లో దాని చుట్టాల జన్యుపటాలు ఇంకొన్ని తెచ్చి చూస్తే లెక్క 1 శాతం దగ్గరికి దిగింది. అప్పు ఉంది, మొదట అనుకున్నంత లేదు. శాతాలని గట్టిగా పట్టుకుని వాదించేవాళ్లు ఇలాంటివి గుర్తుపెట్టుకోవాలి. నేనూ అందులో ఒకణ్ణి.

ఇక కశాభం పోయాక జరిగిన సంసారం చూడండి. మగ కణం ఈదలేదు. నీరు ఎటు తోస్తే అటు. ఆడ మొక్క దగ్గరికి చేరడం అదృష్టం. అందుకేనేమో, కలయిక ఒక్కటి జరిగితే చాలు దాన్ని ఆడ మొక్క మీదే ఇంకో చిన్న తరంగా పెంచి, వందల కొద్దీ కాపీలు తీసి వదులుతాయి. ఎర్ర శైవలాల మూడు తరాల జీవితచక్రం, ప్రతి బైపీసీ పిల్లా తిట్టుకునే ఆ బొమ్మ, ఈ లోటుని పూడ్చుకోవడానికే వచ్చిందనే వాదన ఉంది. 2022లో ఫ్రాన్స్ తీరంలో గ్రాసిలేరియా అనే ఎర్ర శైవలం మీద జరిగిన పరిశోధన ఇంకా ముచ్చటైనది. ఐడోటియా అనే చిన్న సముద్రపు పురుగు కొమ్మల మధ్య తిరుగుతుంటే మగ కణాలు దాని ఒంటికి అంటుకుని ఆడ మొక్కలకి చేరుతున్నాయి. పురుగులుంటే ఫలదీకరణ దాదాపు 20 రెట్లు పెరిగింది. తేనెటీగ పువ్వుకి చేసే పని, సముద్రంలో. "ఇంకా అంతదాకా రాని" మొక్కకి ఇన్ని ఏర్పాట్లా?

చిత్రకూటం రాయి

నిమ్న అనే మాటని సమర్థించేవాళ్లకి ఒక దారి మిగిలింది. ఇవి పాతవి కనుక కింద ఉంచాం అనొచ్చు. పాతవన్నది నిజమే. కెనడాలో సోమర్సెట్ దీవి రాళ్లలో దొరికిన బాంగియోమార్ఫా అనే ఎర్ర శైవల శిలాజాన్ని 1990లో నికొలస్ బటర్‌ఫీల్డ్ వర్ణించాడు. అప్పట్లో 120 కోట్ల ఏళ్లనుకున్నారు, తరవాత వయసు సరిచూసి సుమారు 105 కోట్లకి దించారు. అయినా ఇవాళ్టి బాంగియా అనే ఎర్ర శైవలంతో పక్కపక్కన పెడితే గుర్తుపట్టేంత పోలిక.

దానికంటే నాకు ఇష్టమైనది చిత్రకూటం కథ. సీతారాములు అరణ్యవాసం చేశారంటామే, ఆ చిత్రకూటమే. 1998లో రఫత్ అజ్మీ అనే మన భూవిజ్ఞాని వింధ్య శిలల్లో కేంబ్రియన్ కాలపు చిన్న చిన్న శిలాజాలు దొరికాయని ప్రకటించాడు. కేంబ్రియన్ అంటే 54 కోట్ల ఏళ్ల ఇవతల. ఆ రాళ్ల వయసు అంతకి రెండింతలు పైమాటే అంటున్న రోజులవి. పెద్ద గొడవైంది. శిలాజాలే కాదన్నవాళ్లు ఉన్నారు, నమ్మనివాళ్లు చాలామంది. స్వీడన్‌కి చెందిన స్టెఫాన్ బెంగ్‌ట్సన్ బృందం చిత్రకూటం వెళ్లి ఆ వింధ్య రాళ్లు తెచ్చింది. 2009లో వాళ్లు తేల్చింది విచిత్రం. శిలాజాలు నిజం, కాలం తప్పు. సీసం లెక్కల ప్రకారం ఆ రాయి సుమారు 165 కోట్ల ఏళ్లది, అటూ ఇటూ 8.9 కోట్లు. అజ్మీ పిండాలనుకున్న గుండ్రటివి మాత్రం నాచు జిగురులో చిక్కుకున్న గాలి బుడగలట. 2017లో అదే బృందం ఎక్స్‌రేలతో రాయిని కొయ్యకుండానే లోపల చూసి, దారాల్లాంటి ఒక శిలాజంలో కణాల మధ్య గోడల నడిమిన చిన్న గుంటల్లాంటివి గుర్తించింది. ఎర్ర శైవలాల్లో కనిపించే గుంటల్లాంటివే. 160 కోట్ల ఏళ్ల నాటి ఎర్ర శైవలం అని పేరు పెట్టారు: రఫతాజ్మియా చిత్రకూటెన్సిస్. నమ్మనివాళ్ల మధ్య నిలబడ్డ మనిషి పేరు, 110 కోట్ల ఏళ్లు తప్పు లెక్క వేసిన మనిషి పేరు, దానికే. ఇలాంటి గౌరవం శాస్త్రంలో ఎప్పుడో గాని దక్కదు.

అది ఎర్ర శైవలమేనా అంటే ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాతిలో డీఎన్ఏ ఉండదు, రంగు ఉండదు, గుంట ఆకారాన్ని బట్టి వంశం చెప్పాలి. దానికీ కెనడా శిలాజానికీ మధ్య యాభై కోట్ల ఏళ్ల ఖాళీ. నేను బాంగియోమార్ఫా దగ్గరే ఆగుతాను. నా వాదనకి ఏ లెక్కైనా ఒకటే. ముందు పుట్టినవాడు కింద మెట్టు మీద ఉన్నాడని ఎవరన్నారు? ఇవాళ రాళ్ల మీదున్న గ్రాసిలేరియా, ఇవాళ పుట్టిన వరి మొలక, రెండూ అదే ముత్తాత నుంచి అన్నే కోట్ల ఏళ్లు నడిచొచ్చినవి.

నా బల్ల మీద

ఇదంతా చదువుతూ ఒకరోజు ల్యాబులో బ్లడ్ అగార్, అంటే బాక్టీరియాని పెంచే రక్తం కలిపిన జెల్లీ, పోస్తున్నాను. ఆవిరి పీడనంతో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ నుంచి తీసిన ఫ్లాస్క్ చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక గొర్రె రక్తం కలిపి ప్లేట్లలో వంచాలి. ఆలస్యం చేస్తే ఫ్లాస్క్‌లోనే గడ్డకడుతుంది, తొందరపడితే రక్తం ఉడికి గోధుమరంగుకి తిరుగుతుంది. అగార్ గడ్డకట్టేది 40 డిగ్రీల లోపు, మళ్లీ కరగాలంటే 85 దాటాలి. ఇంట్లో చైనా గ్రాస్ అని పాలల్లో వేసి కాచేది కూడా ఇదే. ఇది గ్రాసిలేరియా, జెలీడియం లాంటి ఎర్ర శైవలాల కణకవచం. 1881లో ఫానీ హెస్సె తన వంటింటి అనుభవంతో భర్తకి దీన్ని చెప్పకపోతే, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోక్ ల్యాబులో బాక్టీరియా పెంచే జెలటిన్ ఎండాకాలం కరిగిపోతూనే ఉండేది. పదిహేనేళ్లుగా రోజూ నేను వంచుతున్నది ఎర్ర శైవలాన్నే అని ఎప్పుడూ తోచలేదు.

పక్క బల్ల మీద పాడేరు వైపు నుంచి వచ్చిన జ్వరం కేసు స్లైడు. ఎర్ర రక్తకణంలో ఉంగరం, అంచున చుక్క. ప్లాస్మోడియం, మలేరియా క్రిమి. ఆ ఉంగరంలో నా మైక్రోస్కోప్‌కి అందనిది ఇంకోటుంది, ఎపికోప్లాస్ట్. సుమారు 35 వేల అక్షరాల గుండ్రటి డీఎన్ఏ ఉన్న చిన్న సంచి. అది క్లోరోప్లాస్ట్ శేషం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్‌కి, తను చూస్తున్నదానిలో సముద్రపు నాచు ముక్క ఉందని ఎవరైనా చెబితే నవ్వి ఉండేవాడు.

ఎలా వచ్చిందంటే, ఎప్పుడో ఒక జీవి ఎర్ర శైవలాన్ని మొత్తంగా మింగి దాచుకుంది. డయాటమ్‌లు, గోధుమ శైవలాలు, డైనోఫ్లాజెల్లేట్లు, మలేరియా క్రిమి, వీటన్నిట్లో ఉన్నది ఆ ఎర్ర క్లోరోప్లాస్ట్ వారసత్వమే. ఎపికోప్లాస్ట్ ఆకుపచ్చ శైవలం నుంచి వచ్చిందని 1997లో వాదించినవాళ్లున్నారు. సిడ్నీ హార్బర్‌లో దొరికి 2008లో లోకానికి తెలిసిన క్రోమెరా అనే శైవలం, మలేరియా క్రిమికి దగ్గరి చుట్టమై ఉండి కూడా ఇంకా ఎండలో వండుకుంటోంది. దాని క్లోరోప్లాస్ట్ జన్యువులు చదివాక 2010లో ఎర్ర వైపు మొగ్గు బలపడింది.

చీకట్లో, మన రక్తంలో, ఎండతో పనిలేని క్రిమికి ఈ సంచి దేనికి? కణానికి తప్పనిసరైన ఐసోప్రెనాయిడ్లు అనే రసాయనాల ముడిసరుకు తయారీకి. 2011లో ఆ ముడిసరుకు బయటినుంచి పోసి, సంచి లేకుండా కూడా రక్తదశ క్రిమిని పెంచి చూపించారు. అంటే అది ఒక్కటే అక్కడ దానికి తప్పనిసరి పని. బాక్టీరియాకి వాడే డాక్సీసైక్లిన్ మలేరియా మీద పనిచేయడానికి కారణమూ ఇదే, సంచి తాలూకు రైబోజోములు, అంటే ప్రొటీన్లు తయారుచేసే యంత్రాలు, బాక్టీరియా బాపతు. మా డాక్టరుగారు చీటీ మీద డాక్సీ రాసినప్పుడల్లా ఇప్పుడు నాకు మాస్టారి గంగాళం గుర్తొస్తోంది.

తెన్నేటి పార్కు కింద

ఇదంతా మేనకోడలికి చెప్పాను. సముద్రం ఆటు మీదున్న రోజు చూసి తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. గ్రాసిలేరియా దొరికింది, ముదురు గోధుమ ఎరుపులో, నలిపితే కరకరలాడుతూ. తను విన్నదంతా విని ఒక్క దెబ్బ కొట్టింది.

"అన్నీ పోగొట్టుకున్నాయి సరే. అందుకే చిన్నగా ఉండిపోయాయి కదా. మరి నిమ్న అంటే తప్పేముంది?"

ఈ దెబ్బ గట్టిదే. 2017లో పార్ఫిరా అంబిలికాలిస్ అనే ఎర్ర శైవలం జన్యుపటం చదివినవాళ్లు ఇంచుమించు ఇదే చెప్పారు. 13,125 జన్యువులున్నా, కణం లోపల సరుకు మోసే మోటారు ప్రొటీన్లు చాలా తక్కువ. ఎర్ర శైవలాలు భారీగా పెరగకపోవడానికి ఇది కారణం కావచ్చట. వీటి క్లోరోప్లాస్ట్‌నే వారసత్వంగా పొందిన గోధుమ శైవలం కెల్ప్ 40 మీటర్లు దాటి అడవిలా పెరుగుతుంది. సొత్తు వీళ్లది, మేడ వాళ్లది.

కానీ చిన్నది అనడం కొలత, నిమ్న అనడం తీర్పు. ఒకప్పుడు పత్రికల్లో మనుషులకే "నిమ్నజాతులు" అని రాసేవాళ్లు. ఇప్పుడు రాస్తే ఊరుకోం. నాచుకి బాధ కలుగుతుందని కాదు నా గోల. ఆ మాట పిల్లల చేత "ఎందుకు లేవు" అనే ప్రశ్న మాన్పిస్తుంది. నా చేత ఇరవై ఏళ్లు మాన్పించింది.

"లేదు" అనే మాటతోనూ ఇదే చిక్కు. ఇవే విశాఖ రాళ్ల మీద పార్ఫిరా మళ్లీ కనిపించిందని 1963లో ఉమామహేశ్వరరావు, శ్రీరాములు ఒక చిన్న వ్యాసం రాశారు. జపాన్ వాళ్లు నోరి అని తినే శైవలానికి దగ్గరి బంధువు. కొన్నాళ్లు ఉంటుంది, తరవాత మాయం. ఎక్కడికి పోతుందన్నది 1949 దాకా ఎవరికీ తెలీదు. మాంచెస్టర్‌లో కేథ్లీన్ డ్రూ, గవ్వల్లో తొలుచుకుని బతికే కాంకోసీలిస్ అనే గులాబీ నూగు వేరే మొక్క కాదని, పార్ఫిరాకే మరో దశ అని కనిపెట్టింది. పెళ్లయిందని యూనివర్సిటీ జీతం ఇవ్వని మనిషి ఆమె. ఆ ఒక్క సంగతి ఆధారంగా జపాన్ నోరి సాగు నిలదొక్కుకుంది. కుమమోటో దగ్గర ఉటోలో ఆమెకి స్మారకం కట్టి, ఏటా ఏప్రిల్ 14న పూజిస్తారు.

ఆ రోజు మాకు పార్ఫిరా దొరకలేదు. నీళ్లు చీలమండల దాకా వచ్చాయి, పోటు మొదలైంది. మేనకోడలు వంగి ఒక పాత గవ్వ తీసింది, ఒక పక్క గులాబీరంగు మరక. గోటితో గీరితే రాలేదు. సున్నపు పూతలాంటి కోరలైన్ శైవలం అయి ఉంటుందన్నాను, కాంకోసీలిస్ అంత తేలిగ్గా దొరకదని కూడా అన్నాను.

"నువ్వు మొన్న నిమ్న అని కూడా అన్నావు," అని గవ్వని రుమాల్లో చుట్టి నా జేబులో వేసింది. సోమవారం జ్వరం స్లైడ్లు అయ్యాక మైక్రోస్కోప్ ఖాళీగానే ఉంటుంది.